విజయనగర నిధి: కథ ఎంత? చరిత్ర ఎంత?

పెనుకొండకు సమీపమున గల ఒక గ్రామమునుండి శ్రోత యొకరు మాకు ఉత్తరము వ్రాసినారు. వారి పొలము గట్టున ఒక రాయి కలదట. దాని పైభాగమున సూర్యుడు, చంద్రుడు, ఒక పంది, ఒక కత్తి చెక్కబడియున్నవి. క్రిందిభాగమున మాసిపోయిన అక్షరము లున్నవి. ఇటీవల అంజనము వేయువాడొకడు వచ్చి, ఆ పంది మొగము చూపు దిక్కున రాయలవారి ధనము పాతిపెట్టబడి యున్నదనియు, కత్తి దానికి కావలియనియు, రాతిని పెకలించి పూజ జరిపినచో లంకెబిందెలు బయటపడుననియు చెప్పినాడు. పూజకు లక్ష రూపాయలు అడిగినాడు. రాయల ధనము ఏనుగులమీద ఈ దారినే వచ్చినదని తమ తాతగారు కూడ చెప్పుచుండెడివారనియు, ఇందులో నిజమేమైన కలదో లేదో తెలుపవలసినదనియు శ్రోతగారి కోరిక. లక్ష రూపాయలకై పొలము తాకట్టు పెట్టవలసి యుండుటచే ఇంటిలో తగవు నడచుచున్నదని చివర ఒక ముక్క వ్రాసినారు.

ఇట్టి ప్రశ్నకు, ఇదంతయు బూటకమని ఒక్కమాటలో చెప్పి ఊరకుండుట తేలిక. కాని తాతగారి మాటలో కొంత సత్యము కలదు. ఆ సత్యము ఎంతవరకో తేల్చక, కథనంతను త్రోసివేసినయెడల, వినువారు మనలను నమ్మరు. అంజనము వేయువానినే నమ్ముదురు. అందుచే చరిత్రకారులు ఇట్టి కథను ఏ విధముగ పరీక్షింతురో, ఈ రాయల నిధినే ఉదాహరణముగ తీసికొని చూతము.

ముందు కథ. 1565 జనవరి 23న కృష్ణానదీ ప్రాంతమున, రక్కసి, తంగడి గ్రామముల చేరువను, విజయనగర సేనలకును దక్కను సుల్తానుల సేనలకును యుద్ధము జరిగెను. తళ్ళికోట యుద్ధమని మనము పాఠశాలలో చదివినది ఇదియే. అళియ రామరాయలు హతుడయ్యెను. ఆయన తమ్ముడు తిరుమలరాయలు రాజధానికి వచ్చి, పేరునకు మాత్రము చక్రవర్తియైన సదాశివరాయలను, రాణివాసమును, రాజ్యలక్ష్మిని వెంటబెట్టుకొని దక్షిణమునకు తరలిపోయెను. ఆ ధనమును మోసిన ఏనుగులు 550 అని రాబర్ట్ సూయెల్ 1900లో ప్రచురించిన విజయనగర చరిత్రమున వ్రాసినాడు. నేటి కొన్ని గ్రంథములలో ఈ సంఖ్య 1,500. ఏనుగులు కూడ పుస్తకములలో పిల్లలు పెట్టునేమో! ఆ ఏనుగులలో కొన్ని దారి తప్పినవనియు, కొన్నిటి బరువును శత్రుభయముచే కొండలలో దించి పాతిపెట్టిరనియు గ్రామగ్రామమునను చెప్పుదురు. హంపీనుండి పెనుకొండవరకు నిధి కథ లేని కొండ అరుదు.

చరిత్రకారుడు మొదట అడుగు ప్రశ్న ఇది: ఈ మాట ఎవరు చెప్పిరి? వారు చూచి చెప్పిరా, విని చెప్పిరా? సూయెల్ యుద్ధము జరిగిన మూడువందల ఏండ్లకు పైబడి వ్రాసినవాడు. ఈ ఘట్టమున ఆయనకు ముఖ్యాధారము డియోగో దో కూటో అను పోర్చుగీసు చరిత్రకారుడు. కూటో గోవాలో చిరకాలము నివసించినవాడే గాని యుద్ధమును కన్నులార చూచినవాడు కాడు. ఆయన గ్రంథరచన చాల కాలము తరువాతిది. గోవా వర్తకుల నోట ఆ వార్త ఎన్ని చేతులు మారి ఆయనకు చేరెనో! ఇంతమాత్రముచే అది అబద్ధమని కాదు. ధనముతో రాజకుటుంబము తరలిపోవుట సహజమే. అట్లు చేయకుండుటయే వింత. లెక్క మాత్రము మనము నమ్మి వ్యాజ్యమునకు పోదగినది కాదు.

రెండవ ప్రశ్న: అంత ధనము ఉండెనా? ఈ విషయమున మనకు అపూర్వములైన సాక్ష్యములు కలవు. కృష్ణదేవరాయల కాలమున, సుమారు 1520 ప్రాంతమున, డొమింగో పేస్ అను పోర్చుగీసువాడు విజయనగరమును దర్శించెను. ఇంచుమించు పదునైదు సంవత్సరముల తరువాత ఫెర్నావో నూనిజ్ అను మరియొకడు, అచ్యుతదేవరాయల కాలమున, ఆ రాజ్యచరిత్రమును వ్రాసెను. ఈ రెండు వ్రాతలును పారిసు గ్రంథాలయమున పడియుండగా, 1897లో అచ్చుపడినవి. సూయెల్ వానిని ఆంగ్లమున అనువదించెను.

పేస్ చెప్పునది చదివినవారికి నిధి కథలన్నిటికి తల్లివేరు దొరకినట్లగును. పూర్వరాజులలో ఒక్కొక్కరి ధనాగారము వారి మరణానంతరము తాళము వేసి ముద్రవేయబడుననియు, తరువాతివారు మహావిపత్తు వచ్చిననే తప్ప దానిని తెరువరనియు, అందేమున్నదో వారే యెరుగరనియు ఆయన వ్రాసెను. కృష్ణదేవరాయలు మాత్రము తన కోశమున ఏటేట కోటి వరహాలు వేయుచుండెనట. ఇక నూనిజ్ లెక్క చూడుడు. రాజ్యమందలి అమరనాయకుల భూముల రాబడి 120 లక్షల వరహాలు. అందు 60 లక్షలు మాత్రమే రాజునకు ముట్టును. తక్కినది నాయకుల సేనల పోషణకు పోవును. అనగా నూనిజ్ ప్రకారము రాజునకు వచ్చునది 60 లక్షలు. పేస్ ప్రకారము ఖర్చులు పోగా ఆయన దాచునది కోటి! రాబడికంటె నిలువ హెచ్చైన ఇల్లు మనమెక్కడను చూడలేదు. ఇద్దరును బుద్ధిమంతులే, ఇద్దరును ఆ నగరములో మసలినవారే. కాని ఆ గదులు రాజులకే తెరచుటకు వీలులేనివైనపుడు, పరదేశియగు పేస్ వాని లెక్క ఎట్లు కనుగొనెను? ఆయన వినినది బజారు మాట. రాయల నిధి కథ రాయలు బ్రతికియుండగనే పుట్టినదని దీనివలన తెలియుచున్నది.

మూడవది బరువు లెక్క. ఇది ఎవరైన ఇంటిలో కూర్చుండి వేయవచ్చును. దూరప్రయాణమున ఏనుగుపై నాలుగువందల కిలోల బరువు వేయవచ్చు ననుకొందము. 550 ఏనుగులు కేవలము బంగారమునే మోసినచో అది 2,20,000 కిలోలు, అనగా 220 టన్నులు. వరహా తూకము సుమారు 3.4 గ్రాములు. కావున ఆ బంగారము ఇంచుమించు 6 కోట్ల 47 లక్షల వరహాలగును. నూనిజ్ చెప్పిన 60 లక్షల రాబడితో పోల్చినయెడల, ఒక్క వరహాయైన ఖర్చుపెట్టక పదునొకండు సంవత్సరములు దాచిన ధనము! 1,500 ఏనుగుల లెక్క పట్టినచో ఇరువదితొమ్మిది సంవత్సరములు. ఆ కాలమంతయు రాజు తన గుర్రములకు దాణా పెట్టలేదా? దండయాత్రలు చేయలేదా? అంతఃపురము పస్తుండెనా? ఏనుగులు అన్ని యుండినను ఉండవచ్చును. కాని వానిపై గుడారములు, రాజచిహ్నములు, సింహాసనము, రాణివాసపు సామగ్రి, తిండిగింజలు కూడ ఉండెనని ఊహించుటయే న్యాయము. పారిపోవు కుటుంబము బంగారమునే తినదు గదా.

ఈ ధనాగారమునకు యుద్ధమునకు పూర్వమే గండి పడినదను కథయు నొకటి కలదు. అచ్యుతరాయల అనంతరము అధికారమును కాజేసిన సలకము తిరుమలరాజు, రామరాయలచే ముట్టడింపబడి నిరాశుడై, తరతరములుగ కూడబెట్టిన వజ్రములను, కెంపులను, ముత్యములను తిరుగటి రాళ్ళలో వేయించి పిండి చేయించెనని ఫెరిష్తా వ్రాసెను. ఫెరిష్తా విజాపుర దర్బారు చరిత్రకారుడు. విజయనగరముపై అభిమానము గలవాడు కాడు. ఆయన వ్రాసినది రెండు తరముల తరువాత. ఈ తిరుగటి కథను మేము అక్షరాల నమ్మజాలము. వజ్రమును తిరుగటిలో పిండి చేయుట ఎంత సులభమో ఆ పని చేసినవారికే ఎరుక. అయినను తగవులలో, ముట్టడులలో ఆ కోశము కరగుచుండెనని మాత్రము గ్రహింపవచ్చును.

ఇక అన్నిటికంటె విలువైన సాక్షియొద్దకు వత్తము. ఆయన పేరు సీజర్ ఫ్రెడరిక్. వెనీసు నగరపు వర్తకుడు. యుద్ధము జరిగిన రెండేండ్లకే, 1567లో, గోవానుండి విజయనగరమునకు వచ్చెను. ఒక నెలలో తీరు పనికి ఏడు నెలలు అచట నిలిచిపోయెను. దారులన్నియు దొంగలతో నిండియుండుటయే కారణము. ఆయన చూచునాటికి ఇండ్లు నిలిచియే యున్నవి గాని, అందు మనుష్యులు లేరు. పులులు మొదలగు మృగములు కాపురమున్నవని జనులు చెప్పుకొనుచుండిరట.

ఫ్రెడరిక్ చెప్పిన రెండు సంగతులు నిధి కథకు ప్రాణమర్మముల వంటివి. మొదటిది: విజేతలైన సుల్తానులు నగరమున ఆరు నెలలు నిలిచి, ఇండ్ల క్రిందను, ఇతర స్థలములందును దాచిన ధనమునకై వెదకిరి. శ్రోతలు దీనిని కొంచెము ఆలోచింపవలెను. జయించిన సైన్యము, వేలకొలది చేతులు, అడ్డు చెప్పువాడు లేడు, దాచినవారిలో కొందరు పట్టుబడి తమ యెదుటనే యుండిరి, ధనము దాచి అప్పటికి కొద్ది దినములే అయినది. అట్టివారు ఆరునెలలు త్రవ్విన నేలను, నాలుగున్నర శతాబ్దముల తరువాత నలుగురు మనుష్యులు ఒక లాంతరుతోను, గునపముతోను, నిమ్మకాయలతోను త్రవ్వుచున్నారు.

రెండవది గుర్రముల సంగతి. ఫ్రెడరిక్ వచ్చినది ఒంటరిగ కాదు. రాజునకు అమ్ముటకై మూడువందల అరబ్బీ గుర్రములను తోలుకొని వచ్చుచున్న ఇరువురు వర్తకులతో కలిసి వచ్చెను. సుల్తానులు వెడలిపోయిన పిమ్మట తిరుమలరాయలు నగరమునకు మరలివచ్చి, దానిని మరల నిలుపుటకు ప్రయత్నించుచుండెను. యుద్ధమున అశ్వదళము నశించినది. గుర్రములు తెచ్చినవారికి మంచి వెల ఇత్తుననియు, యుద్ధమున పోయిన తన ముద్రగల గుర్రములనైనను కొందుననియు గోవా వర్తకులకు వర్తమానమంపెను. వర్తకులు ఆశతో తెచ్చిరి. ఇక గోవానుండి రావలసిన గుర్రములు లేవని తెలిసిన పిమ్మట, తిరుమలరాయలు గుర్రములను ఉంచుకొని, ఒక్క కాసైన ఈయక వారిని పంపివేసెను. పాపము, ఆ వర్తకులు గుండెలు బాదుకొనిరి.

ఫ్రెడరిక్ ఆ వర్తకుల స్నేహితుడే గనుక తిరుమలరాయలను నిందించుటకు ఆయనకు కారణము కలదు. ఆ మాటను మనము మరువరాదు. తిరుమలరాయలు ధనముండియే ఎగవేసెనని కూడ వాదింపవచ్చును. కాని ఆలోచించుడు. విజయనగర రాజులకు మేలుజాతి గుర్రములు సముద్రముమీదుగ, గోవా ద్వారముననే రావలెను. అట్టి బేరగాండ్రను ఒక్కసారి మోసగించినయెడల మరియొకసారి వారు రారు. పొరుగున ముగ్గురు నలుగురు శత్రువులుండగా, ఐదువందల ఏనుగుల బంగారము చేతిలో గలవాడు ఇట్టి పని చేయునా? చేయడని మా అభిప్రాయము. ఇది రుజువు కాదు, సంభావ్యత మాత్రమే. చరిత్రలో పెక్కు తీర్పులు ఇట్టివే.

ఆ 1567లోనే రాజపరివారము పెనుకొండ దుర్గమునకు నివాసము మార్చినదని ఫ్రెడరిక్ చెప్పుచున్నాడు. పిమ్మట తిరుమలరాయలు తానే పట్టాభిషిక్తుడయ్యెను. ఆయన కుమారులు రాజ్యమేలిరి. పెనుకొండ ముట్టడులకు లోనయ్యెను; రాజధాని చంద్రగిరికి, తరువాత వేలూరునకు జరిగెను. అరవీటి వంశము పదునేడవ శతాబ్దపు నడుమవరకు, ఇంచుమించు ఎనుబది సంవత్సరములు నిలిచినది. భూమిలో ధనము మిగిలియుండవలెనన్న మూడు సంగతులు జరుగవలెను: దాచినవాడు మరల రాకపోవలెను, చోటెరిగిన ఇతరులు లేకపోవలెను, వెదకినవారికి దొరకక పోవలెను. పెనుకొండయందు దాచిన ధనమున్నచో, దాని యజమానులు అచటనే యుండిరి. యుద్ధముమీద యుద్ధము చేయుచుండిరి. బంట్లకు జీతములు ఈయవలసి యుండిరి. పాతిపెట్టిన సొమ్మును అట్లే వదలి, సైన్యమును పస్తు పెట్టిన రాజెవ్వడు? ఏనుగులపై వచ్చిన ధనములో చాలవరకు సిపాయిల జీతములై, గడ్డిగాదములై, కోటగోడల మరమ్మతులై ఊరిమీదికి పోయినదని తలచుటయే సబబు.

అయినచో భూమిలో ధనమే దొరకదా? దొరకును.  నల్లగొండ జిల్లా అక్కనపల్లెలో రోమను చక్రవర్తుల వెండి నాణెములు పదునైదు వందలకు పైగ లభించినవి. అమరావతిలో దొరకిన వెండి విద్ధాంక నాణెములు ఏడు వేలకు పైబడినవి. వానిని గూర్చి పరమేశ్వరీలాల్ గుప్త రచించిన గ్రంథము 1963లో వెలువడినది. కరీంనగరు ప్రాంతమందలి పెద్దబంకూరు త్రవ్వకములలో శాతవాహన నాణెములు సుమారు 22,000 బయల్పడినవి. ఇవి ఏ రాజాధిరాజు ఏనుగులమీదివియు కావు. ఒక వర్తకుడో, ఒక గృహస్థుడో కుండలో పోసి దాచుకొని, ఏ ఆపదలోనో మరల రాలేకపోయిన సొమ్ము. పైని చెప్పిన మూడు సంగతులును ఇట్టివారి విషయముననే కుదురును. ఇట్టివి ఏదో పని మీద నేలను త్రవ్వినపుడో, శాస్త్రజ్ఞులు తట్టతట్టగ మన్ను తీసినపుడో వెలికి వచ్చునవి. అంజనమున కనిపించి లభించిన నాణెము మాత్రము ఏ మ్యూజియమునందును మేము చూడలేదు.

మన పెద్దలు చెప్పిన నిధి కథలలో మరియొక జాతి కలదు. అది వంశముల పుట్టుకను గూర్చినది. రేచర్ల వంశీయుల మూలపురుషుడు చెవ్విరెడ్డికి పొలమున నిధి కనబడెననియు, నరబలి కోరగా సేవకుడు రేచడు తన ప్రాణము నర్పించెననియు, అతని పేరే వంశమునకు నిలిచెననియు వెలుగోటివారి వంశావళి ప్రసిద్ధము. కథ కరుణరసభరితము. కాని శాసనములు చదివిన వేరొక దారి కనబడును. 1213లో పాలంపేట రామప్పగుడిని కట్టించిన రేచర్ల రుద్రుడు కాకతి గణపతిదేవుని సేనాని. ఆ ఇంటిపేరువారి ఐశ్వర్యము కత్తిచేతను, కొలువుచేతను వచ్చినది. ఒక కుటుంబము త్వరగ పైకివచ్చినపుడు ఊరివారు దానికి లంకెబిందెలనే కారణముగ చెప్పుట నేటికిని కలదు. అందలి నరబలి మాటను వాచ్యార్థమున పట్టుకొని ఘోరములకు దిగు మూఢులు నేడును కలరు. అందుచేతనే ఈ కథను ఇంత వివరముగ ఎత్తుకొంటిమి.

ఇటీవలి సంగతులు రెండు. 2013 అక్టోబరున ఉత్తరప్రదేశమున ఉన్నావు జిల్లా దౌండియా ఖేడా కోట క్రింద 1,000 టన్నుల బంగారమున్నదని ఒక సాధువునకు స్వప్నము వచ్చినదనగా, పురావస్తుశాఖవారు త్రవ్వకము మొదలిడిరి. ఆ కోట 1857 తిరుగుబాటు పిమ్మట ఉరితీయబడిన రాజా రామ్ బక్ష్ సింగునది. ఆయన ఒక చిన్న సంస్థానాధిపతి. ఆనాడు భారత రిజర్వు బ్యాంకు యొద్ద నున్న బంగారమంతయు కలిపి 557 టన్నులు! పలుగు ఎత్తకమునుపే కాగితముమీద తేలవలసిన లెక్క యిది. కొన్ని వారములలో ఇటుకలు, కుండపెంకులు వంటివి బయల్పడి, త్రవ్వకము ముగిసినది. 2017 డిసెంబరున మన కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలోను నిధికై త్రవ్విరి. బంగారము అచటను దొరకలేదు.

ఇవి అధికారుల యెదుట జరిగినవి. చీకటిలో జరుగునవి వేరు. 2019 జులైలో ఆనెగొందివద్ద నవబృందావనమున వ్యాసరాయలవారి బృందావనమును నిధికై పడగొట్టిరి. కృష్ణదేవరాయలు పూజించిన యతీశ్వరుని సమాధి యది. భక్తులు దానిని వెంటనే పునర్నిర్మించిరి గాని, శతాబ్దములుగ కదలని రాళ్ళను కదల్చినవారికి లభించినది చెరసాలయే. అట్లని నిధి దొరకినవానికి చట్టమున భాగమే లేదనుకొనరాదు. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయల విలువకు మించి దొరకినదానిని కలెక్టరునకు తెలుపవలెను. యజమాని లేడని తేలినపుడు కనుగొన్నవానికిని, భూమిగలవానికిని పాలు కలదు. దాచినవానికి మాత్రము శిక్ష కలదు.

ఇక మన శ్రోతగారి రాయి. సూర్యచంద్రులు నిధికి గురుతులు కావు. ఆ దానము ఆచంద్రార్కము నిలువవలెనని తెలుపుటకు చెక్కినవి. పంది విజయనగర రాజుల వరాహ లాంఛనము; కత్తియు దాని జతలోనిదే. అది ప్రభుత్వముద్ర వేసిన పత్రము; కాగితమునకు బదులు రాయి. ఈ మాట వ్రాసి, రాతిని కదల్పక, అక్షరములపై సుద్దపొడి అద్ది ఫోటో తీసి పంపుడని వారిని కోరితిమి. వచ్చిన ఫోటోను శాసనములు చదువ నేర్చిన మిత్రునకు చూపితిమి. సంవత్సరమును, దాత పేరును శిథిలమైనవి. మిగిలిన పంక్తులవలన, ఊరి చెరువు గండి పూడ్పించి తూము కట్టించినవానికి ఆ చెరువు క్రింది మడిలో దశబంధ మాన్యము ఇచ్చినట్లు తెలియుచున్నది.

ఆ చెరువు నేటికిని ఉన్నదట. శ్రోతగారి పొలము దాని ఆయకట్టులోనిదే. రాతిని గట్టుననే ఉంచినామనియు, తాకట్టు మాట ఇంటిలో ఆగిపోయినదనియు వ్రాసినారు. అంజనము వేయువాడు ప్రక్క ఊరికి పోయినాడట. అచటను గుడి వెనుక అట్టి రాయి యొకటి కలదట.